బహిరంగ ఆయుధ ధారణ (గుంటూరు, ప్రకాశం ప్రాంతం)

బహిరంగ ఆయుధ ధారణ అనగా తుపాకి, కత్తి మొదలైన ఆయుధాలను ఇతరులకు కనబడే విధంగా బహిరంగ ప్రదేశంలో వెంట తీసుకొని వెళ్ళడం. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో తుపాకి లైసెన్సు గలవారు ఉన్నారు. పురావస్తు ప్రదర్శనశాలలు ఉన్నాయి. ఏటా ఆయుధాలకు పూజ చేసే కారెంపూడి వీర్లగుడి కూడా ఇక్కడిదే. లైసెన్సు పొందిన తుపాకిని అందరికీ కనబడేటట్లు ధరించవచ్చునని చాలామంది భావిస్తారు. భారతదేశ చట్టం ప్రకారం ఇది సరి కాదు. లైసెన్సు ఉన్నప్పటికీ బహిరంగ ప్రదేశంలో తుపాకిని పూర్తిగా కప్పి ఉంచవలెను.

(2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లా, గుంటూరు, ప్రకాశం జిల్లాల భాగాలతో బాపట్ల జిల్లా ఏర్పడినవి. ఈ వ్యాసంలో పూర్వపు రెండు జిల్లాల ప్రాంతాన్ని కలిపి తీసుకోవడం జరిగింది.)

చట్టం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలోని 5వ అంశం. కనుక తుపాకుల విషయంలో రాష్ట్రానికి గాని, జిల్లాకు గాని, పురపాలక సంఘానికి గాని ప్రత్యేకమైన చట్టం లేదు. దేశమంతటికీ 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నిబంధనలు వర్తిస్తాయి. స్థానికంగా ఉండేవి లైసెన్సులు, తాత్కాలిక ఉత్తర్వులు మాత్రమే. సాధారణ రకం తుపాకులకు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు లైసెన్సు ఇస్తారు. నిషిద్ధ రకాలకు అనుమతి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పరిధిలోనిది.

అంతకు పూర్వం ఉన్నది 1878 నాటి చట్టం. లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో వచ్చిన ఆ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఈ వివక్షను జాతీయ నాయకులు అవమానంగా భావించారు. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా చేరింది. అయితే 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ ఇదే హక్కును కోరుతూ తెచ్చిన సవరణను అంబేద్కర్ అంగీకరించలేదు, సభ తిరస్కరించింది. చివరకు 19వ అధికరణంలో చేరినది "శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా" సమావేశమయ్యే హక్కు. సిక్కులు కృపాణం ధరించడాన్ని మాత్రం 25వ అధికరణం వివరణలో మత స్వేచ్ఛలో భాగంగా గుర్తించారు. అంటే మన దేశంలో తుపాకి కలిగి ఉండడం ప్రభుత్వం ఇచ్చే అనుమతియే గాని రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు.

2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. లైసెన్సు కాలపరిమితి ఐదు సంవత్సరాలు. లైసెన్సు లేని సాధారణ తుపాకి దొరికితే రెండు నుండి ఐదు సంవత్సరాల జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. పెళ్ళి ఊరేగింపుల్లోను, ఉత్సవాల్లోను ఇతరులకు ప్రమాదం కలిగేటట్లు సంబరానికి కాల్పులు జరిపితే రెండు సంవత్సరాల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

కప్పి ఉంచవలెనన్న నియమం

2016 నిబంధనల ప్రకారం చేతి తుపాకిని హోల్‌స్టర్ అనబడే ఒరలో శరీరానికి తగిలించుకొని గాని, సంచిలో ఉంచుకొని గాని తీసుకొని వెళ్ళవలెను. పొడవైన తుపాకికి దాని కొరకే తయారైన తొడుగు ఉండాలి. ఏ పద్ధతిలోనైనా ఆయుధం పూర్తిగా కప్పబడి ఉండాలి, యజమాని అదుపులో ఉండాలి. బహిరంగ ప్రదేశంలో తుపాకిని ఆడించి చూపడం, కాల్చడం, ఖాళీ తూటాలు పేల్చడం నిషిద్ధం. ఈ నిషేధాన్ని ఉల్లంఘిస్తే లైసెన్సు రద్దవుతుంది. పొలం తగాదాలో కోపం కొద్దీ తుపాకి బయటకు తీసిన రైతు, దానిని కాల్చకపోయినా, చిక్కులో పడేది ఇందువలననే.

రాజకీయ నాయకుల వెంట కనబడే గన్‌మన్లను చూసి ఈ నియమం లేదనుకోరాదు. వారు విధి నిర్వహణలో ఉన్న పోలీసులు. ప్రభుత్వోద్యోగులు విధిలో భాగంగా ధరించే ఆయుధాలకు చట్టం 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. నాయకునికి గన్‌మన్ ఉన్నాడు గనుక నా తుపాకి నేను చూపుకొంటే తప్పేమిటన్న వాదన చట్టం ముందు నిలువదు.

ప్రదర్శనశాలలలో

అమరావతిలోను, నాగార్జునకొండలోను భారత పురావస్తు శాఖ ప్రదర్శనశాలలు కలవు. నాగార్జునకొండ ప్రదర్శనశాల జలాశయం మధ్యనున్న దీవిలో ఉన్నది. విజయపురి సౌత్ నుండి లాంచీలో చేరవలెను. రెండింటా ప్రధానమైనవి బౌద్ధ శిల్పాలే. పాత ఆయుధాలు చూడదలచిన విద్యార్థులు విజయవాడలోని బాపు మ్యూజియానికి గాని, హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి గాని వెళ్ళవచ్చును.

1959 నాటి పురాతన కట్టడాల నిబంధనలలో 8వ నిబంధన రక్షిత కట్టడాల ఆవరణలో తుపాకి కాల్చడాన్ని పేరు పెట్టి నిషేధించింది. అదే నిబంధనలో అనుమతించని చోట వంట చేయడం, బిచ్చమెత్తడం, సరుకులు అమ్మడం కూడా ఉన్నాయి. ఈ జాబితాలో కాల్చడమే ఉన్నది గాని తీసుకొని రావడం లేదు. దీనిని బట్టి తుపాకితో ప్రదర్శనశాలకు వెళ్ళవచ్చునని అర్థం చేసికొనరాదు. ప్రదర్శనశాల బహిరంగ ప్రదేశమే కనుక కప్పి ఉంచే నియమం వర్తిస్తుంది. సందర్శకులు లోనికి ఏమి తేరాదో నిర్ణయించే అధికారం సంస్థకు ఉన్నది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. గేటు వద్ద ఆపినప్పుడు తుపాకిని టికెట్ల గుమస్తాకు గాని, కాపలాదారుకు గాని అప్పగించి లోపలికి పోవడం అతనికీ ప్రమాదమే. 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేని వ్యక్తి ఇతరుల తుపాకిని మోయగలిగేది యజమాని సమక్షంలో గాని, అతని లిఖితపూర్వక అనుమతితో గాని మాత్రమే. అదీ మరమ్మతు, లైసెన్సు పునరుద్ధరణ, లేదా యజమాని ఉపయోగం కొరకే. చెప్పుల వలె భద్రపరచుకొనే వెసులుబాటు తుపాకికి లేదు. కారులో వదలి వెళ్ళితే ఆయుధం యజమాని అదుపు తప్పుతుంది. విహారయాత్రకు తుపాకి తీసుకురాకపోవడమే సరైన మార్గం.

ఇళ్ళలో తరతరాలుగా ఉన్న తుప్పు పట్టిన తుపాకుల గురించి తరచు సందేహం వస్తుంది. బాగు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని పాత నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ గలవాటికి 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. "బాగు చేసినా" అన్న మాట ముఖ్యం. కమ్మరి చేతిలో తిరిగి పేలగల తుపాకి ఎంత పాతదైనా ఈ మినహాయింపులోకి రాదు.

కారెంపూడి ఆయుధాలు

తుపాకులకు, కత్తులకు చట్టం ఒకే కొలత పెట్టలేదు. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగు ఉన్న కత్తులు, బల్లేలు ఆయుధాల జాబితాలో ఉన్నా, 4వ సెక్షను క్రింద కేంద్రం ప్రకటించిన ప్రాంతాలలోనే వాటికి లైసెన్సు అవసరం. ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే తయారైన పనిముట్లు అసలు ఆయుధాలు కావు. మామూలు చేతికర్ర, లాఠీ కూడా కావు. పత్తి కట్టె కొట్టే కత్తి, కొడవలి అందువలన నేరం కాదు. వాటితో చేసే పని మాత్రం నేరం కావచ్చును.

12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధం స్మృతిగా కారెంపూడిలో కార్తీక అమావాస్య నుండి ఐదు రోజుల పాటు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులకు పేర్లు. వీరాచారవంతులు తమ ఇళ్ళలో పూజలందుకొనే కత్తులు, కొణతాలను తెచ్చి, నాగులేరులో శుద్ధి చేసి, వీర్లగుడికి ఊరేగింపుగా తీసుకొని వస్తారు. మందపోరు నాడు బ్రహ్మనాయుని చాపకూడును తలచుకొని కులభేదం లేకుండా భోజనాలు పెడతారు. వేలమంది నడుమ ఆయుధం బాహాటంగా కనిపించే సందర్భం ఈ ప్రాంతంలో ఇదే. అక్కడ ఆయుధం దైవం. దానిని పట్టిన చేతికి నియమ నిష్ఠలు ఉంటాయి.

పంట కాపలా, అడవి అంచు

చట్టం 13వ సెక్షను పంట రక్షణను తుపాకి లైసెన్సుకు తగిన కారణంగా గుర్తించింది. సాధారణంగా ఇందుకు ఇచ్చేది గొట్టం మూతి నుండి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారి భావిస్తే నునుపు గొట్టం గల మరొక తుపాకికి అనుమతి ఇవ్వవచ్చును. అయితే పంట కాపలా లైసెన్సు జంతువును చంపే అనుమతి కాదు. అడవిపందిని కాల్చడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద వేరే అనుమతి కావలెను.

ఈ మైదానం పడమటి అంచున నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఉన్నది. అభయారణ్యం లోపల, దాని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో నివసించే లైసెన్సుదారులు అటవీ అధికారుల వద్ద నమోదు చేసుకొనవలెనని 34వ సెక్షను చెబుతున్నది. అనుమతి లేకుండా ఆయుధంతో లోపలకు పోరాదు. మాచర్ల, యర్రగొండపాలెం వైపు రైతులు ఈ నియమాన్ని తప్పక తెలిసికొనవలెను.

ఎన్నికల కాలం

ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని జమ చేయించడం ఆనవాయితీ. ఎవరివి జమ చేయించాలో జిల్లా స్థాయి కమిటీ పరిశీలిస్తుంది. ఒక్కొక్కరి విషయం చూడకుండా అందరికీ కలిపి ఉత్తర్వు ఇవ్వరాదని అలహాబాదు హైకోర్టు 2024లో అభిప్రాయపడింది. పోలింగు రోజున కేంద్రం సమీపంలో ఆయుధంతో సంచరిస్తే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 134బి సెక్షను క్రింద రెండేళ్ళ వరకు జైలు శిక్ష పడుతుంది, లైసెన్సు రద్దవుతుంది.

2024 మే 13 పోలింగు సందర్భంగా హింస చెలరేగినప్పుడు పల్నాడులో 144వ సెక్షను విధించారు. అదే ఏడాది జులై 1 నుండి ఆ అధికారం నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షనులోనిది. పల్నాటి కక్షలలో పేరుమోసినవి లైసెన్సు తుపాకులు కావు, నాటు బాంబులు, కర్రలు, వేటకత్తులు. నాటు బాంబులకు వర్తించేది 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం. జమ చేసిన తుపాకుల సంఖ్యను చూసి గ్రామం ప్రశాంతంగా ఉన్నదని లెక్క వేయడం అందుకే పొరపాటు.

ఇతర ప్రాంతాలలో

కర్ణాటకలోని కొడగులో కొడవలకు, జమ్మా భూములు గలవారికి కేంద్ర ప్రభుత్వం లైసెన్సు నుండి మినహాయింపు ఇచ్చింది. 2019లో దీనిని 2029 అక్టోబరు వరకు పొడిగించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ కులానికీ, ప్రాంతానికీ ఇటువంటి మినహాయింపు లేదు.

అమెరికాలో తుపాకి చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుండి, 21 ఏళ్ళు నిండి చట్టరీత్యా అనర్హులు కానివారు చేతి తుపాకిని ఒరలో ఉంచి లైసెన్సు లేకుండానే బహిరంగంగా ధరించవచ్చును. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలలో మాత్రం ఆయుధాలు నిషిద్ధం. టెక్సస్‌లో ప్రైవేటు ప్రదర్శనశాల యజమానులు కూడా తుపాకులను నిరాకరించవచ్చును. నోటీసు ద్వారా నిరాకరించదలచినచో అది ఇంగ్లీషు, స్పానిష్ భాషలు రెండింటిలోను, అంగుళానికి తగ్గని అక్షరాలతో ద్వారం వద్ద ఉండవలెను.