ఆపరేషన్ తర్వాత కండ నిలుపుకోవడం

మూత్రాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన రోగిని చూడవచ్చినవారు కుట్లు మానాయా అని అడుగుతారు, మూత్రపు సంచి గురించి అడుగుతారు. కండ ఎంత తగ్గిందని అడిగేవారు అరుదు. కాని రోగి లేచి తిరగడం చాలావరకు ఆ కండ మీదే ఆధారపడి ఉంటుంది.

క్యాన్సర్ మూత్రాశయపు గోడలోని కండర పొరదాకా పాకితే, వైద్యులు తరచు మూత్రాశయాన్ని పూర్తిగా తీసివేస్తారు. చిన్నపేగులో కొంత ముక్కను వేరుచేసి, దానిగుండా మూత్రం పొట్టమీది సంచిలోకి వచ్చే ఏర్పాటు చేస్తారు. కొందరికి ఆ పేగుతోనే కొత్త మూత్రాశయం తయారుచేస్తారు. తర్వాత కొన్నాళ్లు పేగులు మందగిస్తాయి. కడుపు ఉబ్బుతుంది, ఆకలి ఉండదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. తిండిద్వారా అవి అందకపోతే శరీరం తన కండరాలనే కరిగించి వాడుకుంటుంది. ఈ రోగుల్లో ఎక్కువమంది వయసు మళ్లినవారు కనుక, కరిగిన కండ తిరిగి రావడం కష్టం.

మంచం పట్టడం ఇంకో కారణం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పదిరోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తగ్గిందని 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. ఇక రోగి సంగతి వేరే చెప్పాలా?

బరువు చూసి మోసపోకండి. ఒంట్లో నీరు చేరితే కండ తగ్గినా బరువు తగ్గదు. కాళ్లకు వాపు లేనప్పుడు దర్జీ టేపుతో పిక్క లావుపాటిచోట కొలవండి. మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్లకు తక్కువైతే అనుమానించాలని 2019లో ఆసియా దేశాల నిపుణులు సూచించారు. అప్పుడు డాక్టరుకు చెప్పండి.

మన ఇళ్లల్లో పథ్యమనే పట్టింపు ఒకటుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, రోగికి వారాలతరబడి చారన్నమే పెడతారు. చీముకు కారణం సూక్ష్మక్రిములు, పప్పు కాదు. కప్పు అన్నంలో మాంసకృత్తులు నాలుగు గ్రాములే. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు పైగా, వీలైతే ఒకటిన్నర గ్రాములదాకా కావాలి. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో సుమారు ఆరు, యాభై గ్రాముల కందిపప్పులో పదకొండు గ్రాములదాకా ఉంటాయి. హోసూరు వైపు వారు రాగిసంకటి పెట్టవచ్చు. తోడుగా పప్పో, కోడికూరో ఉండాలి. యానాం వైపు చేపలకు కొదవలేదు. ఒకేసారి తినలేకపోతే కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం ఈ లెక్క డాక్టరునడిగి నిర్ణయించుకోవాలి.

బాగా తింటున్నా నీరసం వదలకపోతే రక్తపరీక్ష అవసరం. మూత్రం పేగును తాకుతుండటంవల్ల కొందరి రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అలాగే వదిలేస్తే కండ, ఎముక రెండూ క్షీణిస్తాయి. దీనిని మాత్రలతో సరిచేయవచ్చు. పేగు ముక్క తీసినందువల్ల కొన్నేళ్ల తర్వాత బి-12 విటమిన్ లోపించవచ్చు. అందుకని ఆ పరీక్ష కూడా అప్పుడప్పుడు చేయించాలి.

డాక్టరు అనుమతించిన రోజునుంచే రోగిని నడిపించండి. మొదట మంచం నుంచి గుమ్మందాకా, తర్వాత వీధిదాకా. కొన్ని వారాలపాటు బరువులు మాత్రం ఎత్తనివ్వకండి. తిండి లేని నడక, నడక లేని తిండి, రెండూ సగం వైద్యమే. రోగిని విశ్రాంతి పేరుతో మంచానికి, పథ్యం పేరుతో చారన్నానికి కట్టివేయకండి.