వానకు ముందొచ్చే చలిగాలి

ఏప్రిల్ నెలాఖరు. కోనసీమలో దాళ్వా కోతలు ముగింపుకొచ్చి కళ్లాల్లోనూ, రోడ్ల అంచునా ధాన్యం ఆరుతుంటుంది. మధ్యాహ్నం దాటాక వాయవ్యాన మబ్బు లేస్తుంది. అప్పటిదాకా సముద్రం మీంచి వీస్తున్న పైరగాలి ఉన్నట్టుండి పడిపోతుంది. ఆకు కదలదు, ఒకటే ఉక్కపోత. కాసేపటికి పడమటి నుంచి ఒక్కసారిగా ఈదురుగాలి. దుమ్ము, ఎండుటాకులు, ఎవరి రాశి మీదదో ఎగిరొచ్చిన బరకం. ఒళ్లు చల్లబడుతుంది. చినుకు మాత్రం ఇంకా పడలేదు.

ఎక్కడో వాన పడుతోందంటారు పెద్దవాళ్లు. శాస్త్రం చెప్పేదీ అదే. ఆ గాలి మన ఊరి గాలి కాదు. పది ఇరవై కిలోమీటర్ల అవతల, కురుస్తున్న మబ్బు కింద తయారై ఇక్కడిదాకా పాకి వచ్చింది. వాతావరణ శాస్త్రంలో దీన్ని కోల్డ్ పూల్ అంటారు. దాని ముందంచు పేరు గస్ట్ ఫ్రంట్.

తయారీకి కారణం ఆవిరే. మబ్బులోంచి బయల్దేరిన చినుకులన్నీ నేలకు చేరవు. కొన్ని దారిలోనే ఆవిరైపోతూ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,000 ఘనపు మీటర్ల గాలి ఒక డిగ్రీ చల్లబడుతుంది. ఎకరం లెక్కన చూడండి. 10 మిల్లీమీటర్ల వాన అంటే ఎకరానికి 40,000 లీటర్ల పైమాట. అందులో నాలుగోవంతు గాలిలోనే ఆవిరైతే చాలు, ఆ ఎకరం నెత్తిన కిలోమీటరు ఎత్తున ఉన్న గాలంతా 5 డిగ్రీలు చల్లబడుతుంది. వడగళ్లు కరిగితే ఇంకాస్త. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దిగుతుంది, చినుకులూ దాన్ని కిందికి లాగుతాయి. నేలను తాకాక ఇక దిగే దారి లేదు కనుక, అరుగు మీద బిందె నీళ్లు కుమ్మరించినట్టు, అన్ని వైపులకూ పరుచుకుంటుంది. 500 మీటర్ల మందాన, 8 డిగ్రీల తేడాతో పాకే గాలి వేగం గంటకు 40 కిలోమీటర్ల దాకా ఉంటుందని లెక్క. మందం కిలోమీటరైతే 60కి చేరువవుతుంది. గెలలతో బరువెక్కిన అరటి తోటకు అంత గాలి చాలు.

అన్ని చోట్లా ఇది ఒకేలా ఉండదు. ఎండిన గాలిలో చినుకు ఎక్కువగా ఆవిరవుతుంది. మెట్ట ప్రాంతంలో 38 డిగ్రీల ఎండ, 30 శాతం తేమ ఉంటే, ఆవిరి వల్ల గాలి 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. సముద్రపు గాలి తగిలే రాజోలు వైపు 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే 29 దగ్గరే ఆగిపోతుంది. ఉష్ణమండల సముద్రాల మీద ఈ చలిగాలి బలహీనంగా ఉండి, నేల మీద జోరుగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. కోనసీమ ఈ రెంటి సరిహద్దున ఉంది. వేసవిలో పైన వీచే గాలులు తరచు పడమటివే కాబట్టి, ఎగువ మెట్టల మీద పుట్టిన మబ్బులు చలిగాలిని ముందు తోలుకుంటూ డెల్టా మీదికి వస్తాయి. ఇటునుంచి పైరగాలి ఎదురొస్తుంది. రెండూ ఢీకొన్న చోట తేమగాలి పైకి ఎగదన్నుకుని కొత్త మబ్బు లేస్తుంది. అది ఏ ఊరి మీద లేస్తుందో ముందుగా చెప్పడం ఇప్పటికీ కష్టమే.

రాడార్ లేదా అంటే, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. దగ్గరగా ఉంటే గస్ట్ ఫ్రంట్ దాని తెర మీద సన్నని గీతలా కనిపిస్తుంది. గాలి ముందంచున పోగయ్యే పురుగులూ దుమ్మూ గీసిన గీత అది. కానీ అమలాపురం అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. భూమి గుండ్రం కాబట్టి, అర డిగ్రీ వాలుతో పంపిన రాడార్ కిరణం అమలాపురం చేరేసరికి నేలకు కిలోమీటరున్నర ఎత్తున ఉంటుంది. చలిగాలి దాని కిందనుంచి జారిపోతుంది. విశాఖ రాడార్ ఇంకా దూరం.

కాబట్టి దీన్ని నేల మీదే పట్టుకోవాలి. 2020 వేసవిలో జర్మనీలోని హాంబర్గ్ చుట్టూ పరిశోధకులు 103 చోట్ల పరికరాలు పెట్టారు. వాటిలో 82 తక్కువ ఖర్చుతో సొంతంగా తయారు చేసుకున్నవి. గాలి వేడినీ పీడనాన్నీ సెకనుకోసారి రాసుకోవడమే వాటి పని. ఆ రెండూ చాలు. చలిగాలి రాగానే ఉష్ణోగ్రత గబుక్కున పడుతుంది, బరువు గాలి కనుక పీడనం ఒకటి రెండు హెక్టోపాస్కల్స్ పెరుగుతుంది. గంటకోసారి తీసే కొలతలో ఈ కుదుపు సమయం చిక్కదు.

కొత్తపేట, అమలాపురం, రాజోలు మూడూ త్రిభుజంలా ఉన్నాయి. ఒక్కో ఊరి కాలేజీలో నిమిషానికోసారి కొలిచే పరికరం ఉంటే, మూడు చోట్లా చలిగాలి తాకిన వేళల్ని బట్టి అది ఎటునుంచి ఎంత వేగంతో వచ్చిందో లెక్కకట్టవచ్చు. కొత్తపేట నుంచి అమలాపురం సూటిగా 20 కిలోమీటర్ల లోపే. గాలి వేగం 40 అయితే అమలాపురానికి ఇంచుమించు అరగంట వ్యవధి దొరుకుతుంది. ధాన్యం రాశి చేసి బరకం కప్పడానికి అరగంట తక్కువేం కాదు. ఫిజిక్స్ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

అది జరిగే లోపు మన ఒంటికి తెలిసేదే ఆధారం. పైరగాలి ఆగి పడమటి నుంచి చల్లగాలి కొట్టిందంటే దింపు కార్మికులు వెంటనే కొబ్బరి చెట్టు దిగాలి, పొలంలో ఉన్నవాళ్లు పక్కా ఇంట్లోకి చేరాలి. ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. చివరి ఉరుము విన్నాక కూడా అరగంట దాకా ఆరుబయటికి రాకండి.