"ఎన్నో నెల?" అని అడిగే ఇంటర్వ్యూలు

జూన్ దగ్గరపడిందంటే మా కర్నూలు, కడప జిల్లాల్లో ప్రైవేటు బళ్ల గేట్లకు "టీచర్లు కావలెను" అని ఫ్లెక్సీలు కడతారు. మ్యాథ్స్, సైన్సు, ఇంగ్లీషు పైన ఉంటాయి. తెలుగు, హిందీ, ఉర్దూ అడుగున ఉంటాయి. ఆ అడుగు వరస చూసి, సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకోని పోయేవాళ్లలో శానామంది ఆడపిల్లలే. పెండ్లయినోళ్లు. వాళ్లలో కొందరు కడుపుతో ఉంటారు. ఈ పొద్దు వాళ్ల గురించే మాట్లాడుకుందాం. ఇంటర్వ్యూలో వాళ్లను ఏమి అడగొచ్చు, ఏమి అడగగూడదు, వాళ్లు ఏమి చెప్పాల, ఏమి చెప్పక్కర్లేదు అనేది మనలో ఎక్కువమందికి తెలీదు. అందరికీ తెలీకపోయినా నష్టం మాత్రం ఆ పిల్ల ఒక్కదానికే.

నేను లాయర్ను కాదు. కాలేజీలో చట్టం సదువుకున్నదాన్నీ కాదు. ఆడోళ్ల సమస్యల మీద తిరుగుతా తిరుగుతా, తీర్పులు తెచ్చుకోని చదివి, అర్థం కానిచోట తెలిసినోళ్లను అడిగి నేర్చుకున్నా. ఆ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తాండా.

పోయినేడు మాకు తెలిసిన పాప ఒకామె పుట్టింటి ఊర్లోనే ఒక బడికి తెలుగు టీచరు ఉద్యోగానికి పోయింది. ఎమ్మే తెలుగు, బీఈడీ. మొగుడు బెంగుళూర్లో పనిచేస్తాడు. తోడుగా నేనూ పోయినా. తొమ్మిదో తరగతిలో డెమో చెప్పమన్నారు. సంధులు ఎత్తుకోని, పిల్లోళ్ల నోటనే ఉదాహరణలు చెప్పించింది. కరస్పాండెంటు సంతోషపడినాడు. జీతం మాట కూడా వచ్చింది. అప్పుడు ఆయప్ప రవంత ఆగి, "ఏమ్మా, ఎన్నో నెల?" అన్నాడు. "ఐదు సార్" అనింది. "అట్లనా. కానుపు అయినాక రామ్మా, చూద్దాం" అన్నాడు. కోపం లేదు, కసురుకోడం లేదు. కాఫీ కూడా ఇచ్చినారు. ఊరి పేరు, బడి పేరు నేను రాయను. రాస్తే ఆ ఒక్క బడి తప్పు మాదిరి కనిపిస్తాది. ఇది ఒక బడి కత కాదు.

సొంతూరి ఉద్యోగం అంటే ఆడమనిషికి ఏంటిదో మొదట చెప్పాల. కోసిగి, మంత్రాలయం, ఆదోని పక్క ఊర్లకు ఊర్లే పత్తికీ మిరపకోతకూ గుంటూరు పక్కకు వలసపోయే సీమ ఇది. సదువుకున్న మొగోళ్లు బెంగుళూరు, హైదరాబాదు బస్సెక్కుతారు. తొలికానుపుకు పిల్ల పుట్టింటికి వస్తాది. అక్కడ అమ్మ ఉంటాది, అవ్వ ఉంటాది. బిడ్డను చూసుకునే చేతులు ఉంటాయి. ఆ ఊర్లోనే బడి ఉద్యోగం దొరికితే ఆయమ్మ బతుకు నిలబడతాది. బయటూర్లో ఇంతకు రెండింతలు జీతమిచ్చినా బిడ్డను చూసుకునే మనిషి దొరకదు. అందుకే సొంతూర్లో "కానుపు అయినాక రా" అంటే ఆయమ్మకు ఇంగొక బడి చూసుకో అని కాదు, ఇంట్లో కూర్చో అని అర్థం.

భాష టీచరుకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతాది. ఇంగ్లీషు మీడియం బళ్లలో తెలుగుకు ఒక్కరో ఇద్దరో ఉంటారు. ఆరు నుంచి పది దాకా ఒకే మనిషి చెప్పే బళ్లు ఉండాయి. ఆ మనిషి సెలవు పెడితే పిరియడ్ తీసుకునేవాళ్లు ఉండరు. ఇది బడి కష్టమే, నేను కాదనను. అయితే ఇద్దరు చేసే పని ఒకరితో చేయించుకోని, ఆ ఒకరికి నొప్పులొస్తే బడి ఆగిపోతాది అనడం ఏం న్యాయం?

సర్కారు ఉద్యోగం సంగతి చూడండి. డీఎస్సీలో ఇంటర్వ్యూ లేదు. మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు. అందులో ఉమ్మడి కర్నూలు జిల్లాకే 2,645, కడపకు 705. పరీక్షకు 80, టెట్‌కు 20 వెయిటేజీ. కంప్యూటర్ ముందు కూర్చుంటే అది ఎన్నో నెల అని అడగదు. మార్కులు వస్తే ఉద్యోగం వస్తాది. కానీ దీనికి ముందు డీఎస్సీ ఎప్పుడు? 2018లో. నడుమ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ప్రభుత్వం మారినాక రద్దయింది. ఏడేండ్లు! 2018లో 24 ఏండ్ల పిల్ల 2025కు 31కి వచ్చింది. ఆ ఏడేండ్లే పెండ్లి, కడుపు, కానుపు జరిగే ఏండ్లు. ఆ ఏండ్లంతా ఆ పిల్ల ప్రైవేటు బడి గుమ్మం ముందరే నిలబడాల. సర్కారు నోటిఫికేషన్ ఆలస్యం చేసే ప్రతి ఏడాదీ "ఎన్నో నెల" అని అడిగే గదిలోకి ఇంకొంతమందిని తోస్తాంది.

ఇంగ చట్టం మాటకొద్దాం. ఒకటో ప్రశ్న: ఇంటర్వ్యూలో ఇట్ల అడగొచ్చా?

1989లో నీరా మాథుర్ అనే ఆమెకు ఎల్‌ఐసీలో ఉద్యోగం వచ్చింది. చేరేముందు ఒక ఫారం నింపించినారు. నెలసరి సరిగా వస్తాందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు కడుపు నిలిచింది, గర్భస్రావం అయ్యిందా అని అందులో అడిగినారు. ఆమె చేరింది, 1990 జనవరిలో కానుపయింది. ఫిబ్రవరిలో తీసేసినారు. ఫారంలో నిజం దాచిందని ఎల్‌ఐసీ వాదన. 1991 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమనింది. ఇట్లాంటి ప్రశ్నలు ఆడమనిషి మర్యాదకు తగనివి, ఆ కాలమ్‌లు ఫారంలోనుంచి తీసేయండి అని చెప్పింది.

దాని తర్వాత కూడా బుద్ధి రాలేదు. 2021 డిసెంబరు చివర్లో స్టేట్ బ్యాంక్ ఒక సర్క్యులర్ తెచ్చింది. మూడు నెలలు దాటిన గర్భిణి కొత్త ఉద్యోగానికి "తాత్కాలికంగా అన్‌ఫిట్" అంట. కానుపయినాక నాలుగు నెలల లోపు చేరొచ్చు అనింది. మా కరస్పాండెంటు చెప్పిన మాటే, ఇంగ్లీషులో. దేశమంతా తిట్టినాక 2022 జనవరిలో వెనక్కి తీసుకుంది. 2024 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ హైకోర్టు ముందుకు ఇట్లాంటిదే వచ్చింది. 13 వారాల గర్భిణి అని నర్సింగ్ ఆఫీసరు ఉద్యోగంలో చేర్చుకోలేదు. అమ్మతనం కారణంగా ఉద్యోగం ఎగ్గొట్టే రూలు చెల్లదని కోర్టు కొట్టేసింది.

ఇవన్నీ సర్కారు సంస్థలు గదా, ప్రైవేటు బడికి అంటుతాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాజ్యాంగం 15, 16 అధికరణాలు సర్కారును కట్టేస్తాయి, ప్రైవేటు యజమానిని నేరుగా కట్టేయవు. అయితే 1976 సమాన వేతన చట్టం 5వ సెక్షన్ ప్రైవేటోళ్లకు కూడా వర్తించింది. ఒకే మాదిరి పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడోళ్ల మీద వివక్ష చూపగూడదు అని అందులో ఉండాది. ఇప్పుడు అదే మాట 2019 వేతనాల కోడ్ మూడో సెక్షన్‌లోకి వచ్చింది.

ఇక్కడే కరస్పాండెంట్లు తెలివిగా ఒక మాట అంటారు. "మేము ఆడోళ్ల మీద వివక్ష యాడ చూపినాం? ఆ ఉద్యోగానికి ఇంకో ఆడమనిషినే తీసుకున్నాం గదా!" వినేదానికి బాగుంటాది. దీనికి జవాబు నెదర్లాండ్స్‌లో దొరుకుతాది.

1981లో డెక్కర్ అనే ఆమె ఒక యువజన శిక్షణ కేంద్రంలో బోధకురాలి ఉద్యోగానికి పోయింది. మూడు నెలల కడుపు అని ఆమే చెప్పింది. ఎంపిక కమిటీ అందర్లోకీ ఈమే తగిన మనిషి అని పేరు పంపింది. యజమాని తీసుకోలేదు. కానుపు సెలవు డబ్బు బీమా కంపెనీ ఇయ్యదు, మాకు నష్టం అన్నాడు. ఆ ఉద్యోగానికి వచ్చినోళ్లలో మొగోళ్లు ఎవురూ లేరు. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా పోయింది. 1990 నవంబరులో తీర్పొచ్చింది. కడుపుతో ఉన్నావని ఉద్యోగం ఇయ్యకపోవడం ఆడోళ్లకు మాత్రమే జరిగేది. కాబట్టి అది నేరుగా ఆడతనం మీద వివక్షే. పోటీలో మొగోళ్లు ఉన్నారా లేరా అనేదాంతో పని లేదు. డబ్బు నష్టం సాకు కూడా చెల్లదు అనింది.

ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టేయదు. అయినా ఆ లెక్క మన ఊరికీ సరిపోతాది. కడుపు మొగోడికి రాదు. కాబట్టి "కడుపుతో ఉండావు, వద్దు" అంటే "ఆడదానివి, వద్దు" అన్నట్టే. మన చట్టంలో కూడా "ఆడతనం కారణంగా" అనే మాటే ఉండాది. ఆ మాటలోకి కడుపు కూడా వస్తాదని మన పక్కనుంచి ఎవురైనా పోయి అడగాల.

రెండో ప్రశ్న: ఇప్పుడే చేరి, నాలుగు నెలలకే కానుపయితే సెలవు వస్తాదా?

1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు బిడ్డలకు 12 వారాల సెలవును 26 వారాలు చేసినారు. 2025 నవంబరు 21 నుంచి ఇది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, లెక్క మారలేదు. కానుపు తేదీకి ముందు 12 నెలల్లో 80 దినాలు పనిచేసి ఉంటే చాలు. ఏడాది సర్వీసు అక్కర్లేదు, పర్మినెంటు కానక్కర్లేదు. జూన్ 12న బడి తెరిచిన దినమే చేరితే సెప్టెంబరు నడిమికి 80 దినాలు అయిపోతాయి. ఐదో నెలలో చేరిన పాపకు కానుపు అక్టోబరులో. అంటే హక్కు వచ్చేస్తాది. బళ్లోళ్లు ఈ లెక్క తెలిసే గుమ్మం కాడనే ఆపుతాండారు.

జూన్ నుంచి ఏప్రిల్ దాకే కాంట్రాక్టు అంటే? 2000లో ఢిల్లీ మున్సిపాలిటీ మస్టర్ రోల్ కూలి ఆడోళ్లకు కూడా ఈ సెలవు ఉండాదని సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు నడుమలో అయిపోయినా ప్రయోజనం ఆగదని 2023 ఆగస్టులో ఇంకో తీర్పులో చెప్పింది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాల. ఈ చట్టం పదిమంది, ఆ పైన పనిచేసే సంస్థలకు. ప్రైవేటు బడి దీని కిందికి రాదని యాజమాన్యాలు వాదిస్తానే ఉంటాయి. కేరళ ఆ వాదనకు చోటు లేకుండా 2020లో ప్రైవేటు విద్యాసంస్థల్ని నోటిఫికేషన్ ఇచ్చి చేర్చింది. అట్లాంటి నోటిఫికేషన్ ఇక్కడా కావాలని టీచర్ల సంఘాలు గట్టిగా అడగాల.

చిన్న బడి గోడు కూడా వినాల. ఆరు నెలల జీతం, పైన ఇంకో టీచరు జీతం, రెండూ యజమానే కట్టాల. సర్కారు ఇందులో పైసా వేయదు. కానుపు డబ్బు భారం ఒక్క యజమాని మీదే పెట్టగూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే 183వ ఒప్పందంలో రాసింది. మన దేశం దాని మీద సంతకం పెట్టలేదు. ఏడు వారాల జీతం యజమానులకు తిరిగిచ్చే ఆలోచన ఉండాదని 2018లో కేంద్ర కార్మిక శాఖ చెప్పింది. అది ఆలోచన కాడనే ఆగింది. ఈఎస్ఐ కిందికి వచ్చేచోట 21,000 లోపు జీతమున్నోళ్లకు కానుపు డబ్బు ఈఎస్ఐ సంస్థే ఇస్తాది, యజమాని కాదు. కాబట్టి కరస్పాండెంట్ సార్లకు నా మనవి ఒకటే. ఖర్చు బరువైతే సర్కారును అడగండి, మేమూ మీతోపాటు వస్తాం. ఆ బిల్లు కడుపుతో ఉన్న పిల్ల చేతిలో పెట్టి ఇంటికి పంపొద్దండి.

ఇంటర్వ్యూకు పోయే చెల్లెండ్లకు కొన్ని మాటలు. మీ కడుపు గురించి మీ అంతట మీరు చెప్పాల్సిన పని లేదు. అబద్ధం చెప్పమని నేను అనను. అడిగితే "పాఠం గురించి అడగండి సార్" అనొచ్చు. చెప్పాలనుకుంటే లెక్కతో చెప్పండి: ఫలానా నెలలో కానుపు, అప్పటికి సిలబస్ ఇంతవరకు అయిపోతాది, ఫలానా నెలకు తిరిగొస్తా అని. నోటిమాట మీద చేరొద్దండి, తేదీ వేసిన ఆర్డరు అడగండి. హాజరు పట్టీలో దినమూ సంతకం పెట్టండి, జీతం బ్యాంకులో వేయమనండి. రేపు 80 దినాలు లెక్క చూపించేది అవే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయొద్దు, జిరాక్సులు చాలు. "కానుపు అయినాక రా" అంటే ఆ మాట, ఆ తేదీ, అన్నది ఎవురో ఇంటికొచ్చినాక కాయితం మీద రాసిపెట్టుకోండి. ఆడోళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ను ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కర్నూల్లోనూ ఉండాది, కడపలోనూ ఉండాది. ఫోను నంబరు 15100.

తెలుగును మాతృభాష అంటాం. అమ్మ భాష అని పిల్లోళ్ల చేత వ్యాసాలు రాయిస్తాం. ఆ భాష చెప్పేదానికి అమ్మ కాబోయే మనిషి పనికిరాదనే బడికి మన బిడ్డల్ని మనమే ఫీజు కట్టి పంపుతాండాం. ఈ జూన్‌లో అడ్మిషన్‌కు పోయినప్పుడు ఫీజుతోపాటు ఇంకొకటి అడగండి: "మీ టీచరమ్మలకు కానుపు సెలవు ఇస్తారా?" అని. ఫీజు కట్టేవాళ్లం మనం, అడిగే హక్కు మనకుండాది.