మీ పొలం ఏ గడిలో ఉంది?

ఊరి పక్క రాగిచేలో హద్దురాళ్లు పాతారంటే, ఇక అక్కడ సైట్లు పడతాయని బెంగళూరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. మరి పదేళ్ల తర్వాత ఇళ్లు ఏ ఊరి దాకా వస్తాయి? రాళ్లు పాతకముందే ఆ సంగతి అంచనా వేయడానికే కంప్యూటర్ నమూనాలు పుట్టాయి.

ఒక్కో గడి 9 గుంటలు

అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని చిత్రిస్తున్నాయి. ఇప్పటి చిత్రాల్లో ఒక్కో గడి 30 మీటర్ల చదరం. మన లెక్కలో దాదాపు 9 గుంటలు. కట్టడమా, పచ్చదనమా, నీరా, ఇతర నేలా అని కంప్యూటర్ ప్రతి గడినీ గుర్తిస్తుంది. పాత పటాలను వరసగా పోల్చి, ఏ గళ్లు ఎలా మారాయో పట్టుకుంటుంది. రోడ్డు దగ్గరుందా, పక్క గళ్లలో ఇళ్లు లేచాయా, నేల వాలుగా ఉందా.. ఇవన్నీ చూసి రేపటి పటం గీస్తుంది.

దాన్ని నమ్మేదెలా? ముందు పాత పటాలే ఇచ్చి, ఇప్పటికే గడిచిపోయిన ఏడాది పటాన్ని గీయిస్తారు. అసలు చిత్రంతో సరిపోలితేనే ముందుకెళతారు.

బెంగళూరు లెక్క

భారతీయ విజ్ఞాన సంస్థలో టి.వి.రామచంద్ర బృందం ఈ పనే చేసింది. 1973లో బెంగళూరులో కట్టడాలు 8 శాతం, పచ్చదనం 68 శాతం. తీరు మారకపోతే 2020కల్లా కట్టడాలు 93 శాతానికి చేరతాయని ఆ బృందం ముందే హెచ్చరించింది.

లెక్కకు అందనిది

అయితే కంప్యూటర్ చెప్పేది జాతకం కాదు. చక్కోతకు, ద్రాక్షకు పేరున్న దేవనహళ్లినే చూడండి. 2008లో అక్కడ విమానాశ్రయం మొదలయ్యాక నేల ధరలు ఎగబాకాయి. చన్నరాయపట్న హోబళిలోని 13 గ్రామాల్లో 1,777 ఎకరాలు ఏరోస్పేస్ పార్కుకు తీసుకుంటామంటే రైతులు 2022 నుంచి మూడేళ్లకు పైగా ధర్నాలో కూర్చున్నారు. భూసేకరణ విరమించుకుంటున్నామని, ఇష్టపడి ఇచ్చేవారి భూమే తీసుకుంటామని 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు. రోడ్డు, వాలు గళ్లలో కనిపిస్తాయి. రైతు పట్టుదల కనిపించదు.

నమూనాల అసలు ఉపయోగం వేరే ఉంది. చెరువు, రాజకాలువ, సాగునేల ఉన్న గళ్లను 'కట్టరాదు' అని మూసేసి మళ్లీ లెక్క వేయొచ్చు. రెండు పటాలూ పక్కపక్కన పెడితే ఏం మిగులుతుందో, ఏం పోతుందో తెలిసిపోతుంది. హోసూరు, మాలూరు, చిక్కబళ్లాపురం వైపు తెలుగు పల్లెలు అడిగి చూడాల్సింది ఆ రెండో పటాన్నే. అదీ, హద్దురాళ్లు పడకముందే!