మురుగు పొంగినచో

కొడవలూరు వంటి ఊళ్ళలో వీధికాలువ నిలిచిపోయినచో అందరికిని కనబడును. నగరములందు మురుగు భూగర్భములోని గొట్టములలో సాగును. అచ్చట అడ్డంకి ఏర్పడినను, మురుగు పైకి పొంగువరకు ఎవరికిని తెలియదు.

ఈ గొట్టములలో మురుగు చాలవరకు వాలు వలననే ప్రవహించును. వేగము సెకనుకు సుమారు 0.6 మీటరుకు తగ్గినచో ఇసుక, మడ్డి అడుగున పేరుకొనును. నెయ్యి, వనస్పతి వంటివి వేడిగానున్నప్పుడు ద్రవములే కాని, చల్లబడగానే గట్టిపడి గొట్టమునకు అంటుకొనును. వేడినేతిని చల్లని నీటిలో పోసి తరగతిలో ఈ సంగతిని చూపవచ్చును. క్రొవ్వులలోని ఆమ్లములు కాల్షియముతో కూడి సబ్బువంటి గట్టి పదార్థముగా కూడ మారును. వీనికి గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు తగులుకొని మార్గము మూసికొనిపోవును. అప్పుడు వెనుకనుండి వచ్చు మురుగు మ్యాన్‌హోలు ద్వారా వీధిలోనికి పొంగును.

దుర్గంధము దీనివలని చిన్న కష్టము మాత్రమే. మంచినీటి గొట్టములో నీరు పారుచున్నంతసేపు లోపలి ఒత్తిడి అధికముగా నుండును. పగులున్నను నీరు వెలికి కారునేగాని, వెలుపలి నీరు లోనికి పోజాలదు. సరఫరా ఆగగానే ఒత్తిడి పడిపోవును. పగులు చుట్టును మురుగున్నచో అది లోనికి చొచ్చును. కొళాయిలలో దినమునకు కొన్ని గంటలే నీరు వచ్చు నగరములలో ఈ ప్రమాదము ప్రతిదినము కలదు. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూరునందును, 2018 మార్చిలో గుంటూరునందును కలుషితమైన త్రాగునీటి వలన వందలమంది రోగగ్రస్తులైరి, పలువురు మరణించిరి.

నివారణ వంటింటనే ప్రారంభము కావలెను. జిడ్డుగిన్నెలను కాగితముతో తుడిచిన పిమ్మటనే కడుగవలెను. చెత్తను, గుడ్డలను మురుగులో వేయరాదు. వాననీటిని మురుగు గొట్టములోనికి మరల్చరాదు.

పొంగు కనబడినచో వెంటనే పురపాలక కార్యాలయమునకు తెలుపవలెను. వీధి పేరు, దగ్గరి గుర్తు, పొంగు మొదలైన వేళ, చెంతనున్న కొళాయి లేక బావి — ఈ నాలుగును చెప్పవలెను. హైదరాబాదులో జలమండలికి 155313 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. కొళాయినీటి రంగు, వాసన మారినచో దానిని త్రాగక, ఆ సంగతియు తెలుపవలెను.

మ్యాన్‌హోలు మూతను మాత్రము ఎత్తరాదు. ప్రాణవాయువు లేని మురుగులో సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పుట్టించును. కుళ్ళిన గ్రుడ్డు వాసనగల ఈ వాయువు, గాఢత హెచ్చినచో ఘ్రాణశక్తినే హరించును. వాసన లేదని దిగినవాడు క్షణములలో స్పృహ తప్పవచ్చును. రక్షణసాధనములు లేకుండ మనుష్యులను అందు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. పౌరుని పని తెలుపుట. శుభ్రపరచుట యంత్రముల పని. ఆ కబురు మరుసటి సరఫరావేళకు ముందే అందినచో, కొళాయి తిప్పువారికి ముప్పు తప్పును.