దెబ్బ మనది, అంకె దానిది

మణుగూరు నుంచి ఒక పాఠకుడు రాశారు: "పెళ్లిళ్లలో వాయిద్దామని పదహారు గళ్ల మిడి ప్యాడ్ కొన్నాను. మా ఊరి డోలు మోతను ఫోన్‌లో రికార్డు చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మెల్లగా కొడితే వినపడనే వినపడదు. గట్టిగా కొడితే ఒక్కసారిగా మీద పడుతుంది. ప్యాడ్ చెడిపోయిందా?"

చెడిపోలేదు. అయినా ఈ ప్రశ్న మణుగూరు నుంచే రావడం నాకు ముచ్చటేసింది. 2022లో పద్మశ్రీ అందుకున్న కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారిది ఆ మండలంలోని కూనవరమే. దెబ్బకూ దెబ్బకూ తేడా పట్టే చెవులున్న చోటు అది.

ముందు రెండు ముక్కల్లో పునాది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల సంతలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నూ, రోలండ్ వారి జూపిటర్-6నూ తీగతో కలిపారు. ఒకదాన్ని వాయిస్తే రెండోది పలికింది. మిడి లోకానికి పరిచయమైంది అలా. ఆ తీగలో పాట పోదు, ఉత్తరం పోతుంది. ఉత్తరంలో మూడే అంకెలు: ఫలానా చానల్‌లో కొట్టు; ఫలానా నంబరు స్వరం; ఇంత గట్టిగా. పాత అయిదు పిన్నుల తీగలో కూడా ఈ మూడూ చేరడానికి మిల్లీసెకను పట్టదు. ప్యాడ్‌లోనే డోలు ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1985లో వచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌లో ఒక్క శబ్దమూ లేదు. అది వట్టి ఉత్తరాల పెట్టె.

ప్యాడ్ అమరికను మార్చే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ పని ఆ ఉత్తరంలోని అంకెలను మార్చడం. మీ డోలు 36వ నంబరు మీద ఉంటే గడికి 36 ఇవ్వాలి. ఇక్కడ పేరును నమ్మకండి, నంబరునే నమ్మండి. 60వ స్వరాన్ని యమహా సీ3 అంటుంది, రోలండ్ సీ4 అంటుంది. ఆ తగువులో ఎన్ని సాయంత్రాలు తగలబడ్డాయో!

ఇక అసలు సంగతి, మూడో అంకె. దాని పేరు వెలాసిటీ, అంటే వేగం. పేరే తప్పు! కీబోర్డు మెట్టు కిందికి ఎంత వేగంగా దిగిందో కొలిచే రోజుల పేరది. గడి దిగేది ఎక్కడ? చాలా ప్యాడ్లలో రబ్బరు కింద ఒక పలుచటి పొర ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. లోపలి చిప్ దాన్ని గబగబా చదువుతూ, దెబ్బ పతాక స్థాయిని పట్టి అంకెగా మారుస్తుంది. 1 నుంచి 127 దాకా, అంతే. భూమి బద్దలయ్యేట్టు కొట్టినా 128 రాదు.

ఆ అంకె నేరుగా బయటికి పోదు. మధ్యలో ఒక పట్టిక ఉంటుంది, దాన్నే కర్వ్ అంటారు. లోపలికి 40 వస్తే తిన్నని కర్వ్ 40నే పంపుతుంది. వర్గమూలం లెక్కన వంగిన మెత్తని కర్వ్ 71 పంపుతుంది. వర్గం లెక్కన వంగిన గట్టి కర్వ్ 13తో సరిపెడుతుంది. అదే 100 వస్తే ఆ రెండూ పంపేవి 113, 79. చెయ్యి ఒకటే, ఉత్తరాలు వేరు.

మెత్తని కర్వ్‌కు మూల్యం లేకపోలేదు. లోపలికి 1 వస్తే 11, 2 వస్తే 16. మధ్యలోని 12 నుంచి 15 వరకు ఎన్నటికీ పలకవు. కర్వ్ మెట్లను సర్దుతుందే గానీ కొత్త మెట్టు కట్టదు.

మన పాఠకుడి దొంగ ఇక్కడ దొరికాడు. శబ్దశక్తి పది రెట్లయితే గాని చెవికి రెండింతలు అనిపించదు. అందుకని చాలా సాఫ్ట్‌వేర్లు వచ్చిన అంకెను తామూ వర్గం చేసి మోత పెంచుతాయి. ప్యాడ్‌లో గట్టి కర్వ్, కంప్యూటర్‌లో మరో వర్గం. 40తో బయల్దేరిన దెబ్బ 13 అయి, చివరికి 1.3గా మిగులుతుంది. 100 మాత్రం 49 దగ్గర నిలబడుతుంది. రెండున్నర రెట్ల తేడా దాదాపు నలభై రెట్లయింది. తప్పు చేతిది కాదు, వంకర మీద పడ్డ వంకరది.

ఎడిటర్‌లో మార్చింది ప్యాడ్‌కు చేరడమూ ఉత్తరం ద్వారానే. అది 240తో మొదలై 247తో ముగుస్తుంది. మొదట్లోనే కంపెనీ ఇంటిపేరు ఉంటుంది: రోలండ్‌ది 65, కోర్గ్‌ది 66, యమహాది 67, అకాయ్‌ది 71. తన ఇంటిపేరు కాకపోతే ఏ పెట్టె అయినా ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తుంది. ఒక కంపెనీ ఎడిటర్ మరో కంపెనీ ప్యాడ్‌ను కదిలించలేకపోవడం అందుకే. నలభై ఏళ్ల కిందటే వాద్యాలన్నిటికీ ఒక భాష కుదిర్చినవాళ్లు, ఇంటికో తాళంచెవి ఉంచడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక చేయాల్సింది. ముందు ప్యాడ్‌లో ఉన్న అమరికను ఎడిటర్‌లోకి తెచ్చుకుని దాచండి, తర్వాతే మార్చండి. మెత్తగా ఇరవై దెబ్బలు, గట్టిగా ఇరవై దెబ్బలు కొట్టి, తెరమీద ఏ అంకెలు పడుతున్నాయో చూసి కర్వ్ ఎంచుకోండి. మార్పును ప్యాడ్‌కు పంపడం మరవకండి. చర్మం నడుమ దెబ్బకు ఒక గడి, అంచు దెబ్బకు మరో గడి ఇవ్వండి. ఎందుకంటే గడిలో ఎక్కడ కొట్టినా ఈ ప్యాడ్ పంపే స్వరం నంబరు ఒక్కటే. డోలు మాత్రం జానెడు దూరంలోనే రెండు మాటలు మాట్లాడుతుంది.