నల్లని తెర – పొట్టి ఆజ్ఞలు

మన పాఠశాల కంప్యూటరు గదిని చూడవచ్చిన తల్లిదండ్రులు పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు: “అయ్యా, బొమ్మలు, రంగులు ఏమియు లేని ఈ నల్లని తెర యేమి? యంత్రము చెడిపోయినదా?” చెడలేదు. పిల్లలు దానికి ఆజ్ఞలు వ్రాయుచున్నారు. ఆ ఆజ్ఞలలో నిత్యము మాకు పనికివచ్చుచున్న కొన్నింటిని ఇచట వివరింపదలచితిమి.

అంగడికి పోయినవాడు కావలసిన సరకును వేలితో చూపియు అడుగవచ్చును, పేరు చెప్పియు అడుగవచ్చును. తెరమీది బొమ్మను మౌసుతో నొక్కుట వేలితో చూపుట వంటిది. ఆజ్ఞను వ్రాయుట పేరు చెప్పి అడుగుట వంటిది. ఎదుట కనబడు వస్తువునకు వేలు చాలును. “ఈ జాబితాలో హోసూరు పేరున్న పంక్తులను మాత్రము తీసి, ఎన్ని యున్నవో చెప్పుము” అనుటకు వేలు చాలదు, మాట కావలెను. ఆ మాటను గ్రహించి యంత్రముచే పని చేయించు సాధనమునకు షెల్ అని పేరు. లినక్స్ యంత్రములలో తరచుగా కానవచ్చునది 1989లో వెలువడిన బ్యాష్ అను షెల్.

ఈ ఆజ్ఞలు ఇంత పొట్టివేల? అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్‌ను నిర్మింప మొదలిడిరి. నాడు వారి యెదుట నుండినది తెర కాదు. టెలిటైపు అను ముద్రణయంత్రము. అది సెకనునకు 10 అక్షరములను మాత్రమే కాగితముపై కొట్టెడిది. దాని మీటలును బరువైనవి. కావున మాటలను కుదించిరి. జాబితా చూపుటకు ఎల్.ఎస్., నకలు తీయుటకు సి.పి., చోటు గాని పేరు గాని మార్చుటకు ఎం.వి., ఒక ఫోల్డరునుండి మరొకదానికి పోవుటకు సి.డి. వీనిని రోమను చిన్న అక్షరములతో కొట్టవలెను.

ఇందు మన పిల్లలకు ఒక మేలు కలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో వీనితోపాటు ఆంగ్లము నేర్చుచున్న పిల్లవాడు ఆంగ్లము బాగుగా రానిదే కంప్యూటరు ముట్టరాదేమోయని వెనుదీయుట మేము చూచుచున్నాము. ఎల్.ఎస్. అనునది ఏ భాషయందును మాట కాదు. లండను బాలుడును దానిని కొత్తగా నేర్వవలసినదే.

మేము మొదట నేర్పునది ఆజ్ఞ కాదు, ట్యాబ్ అను మీట. ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరములు వ్రాసి దానిని నొక్కినచో మిగిలిన పేరును షెల్ తానే పూరించును. ఒకే విధముగా మొదలగు పేర్లు పెక్కులున్నచో మరల నొక్కగా వాని నన్నింటిని చూపును. తెలుగున పెట్టిన పేర్లకును ఇది చెల్లును: “వా” అని వ్రాసి ట్యాబ్ నొక్కిన “వార్షికసంచిక” నిలుచును. అక్షరదోషములు దీనివలన తగ్గినంతగా మరి దేనివలనను తగ్గలేదు.

తరువాతది పాత ఆజ్ఞలను మరల పిలుచుట. పైబాణము మీట ఒక్కొక్కటిగా వెనుకటి ఆజ్ఞలను చూపును. కంట్రోల్ మీటతో ఆర్ నొక్కి జ్ఞాపకమున్న ముక్క వ్రాసినచో, అది గల పాత ఆజ్ఞ యెదుటికి వచ్చును. కంట్రోల్‌తో ఏ నొక్కిన పంక్తి మొదటికి, ఇ నొక్కిన చివరకు పోవచ్చును. సి.డి. తరువాత ఒక అడ్డగీత మాత్రము వ్రాసిన అంతకుముందున్న ఫోల్డరునకు చేరుదుము.

కార్యాలయములలో కంప్యూటరు వాడు తల్లిదండ్రులు రెండు సంగతులు గమనింపవలెను. అచట కంట్రోల్‌తో సి నొక్కుట నకలు తీయుట. ఇచట నడుచుచున్న పనిని ఆపుట. అచట కంట్రోల్‌తో ఎస్ నొక్కుట భద్రపరచుట; ఇచట తెర స్తంభించును. ఎంత కొట్టినను అక్షరము కనబడదు. యంత్రము చచ్చినదని విద్యుత్తు మీట ఆర్పువారు కలరు. ఇది టెలిటైపు కాలమునుండి వచ్చిన “ప్రవాహము నాపుము” అను సంజ్ఞయే. కంట్రోల్‌తో క్యు నొక్కినచో తెర మరల కదలును. అంతవరకు కంగారుగా కొట్టిన అక్షరములన్నియు బారులు తీరి వచ్చును. పిల్లలకు ఇది గొప్ప వినోదము.

ఇక మాకు మిక్కిలి ప్రియమైనది గ్రెప్. 1973లో థాంప్సన్ సిద్ధపరచిన ఈ ఆజ్ఞ, చెప్పిన మాట గల పంక్తులను ఫైలునుండి ఏరి చూపును. అదే సంవత్సరమున డగ్లస్ మెకిల్రాయ్ ప్రోద్బలముతో యూనిక్స్‌లో గొట్టమను ఏర్పాటు చేరినది. రెండు ఆజ్ఞల నడుమ నిలువుగీత యుంచినచో మొదటిదాని ఫలితము రెండవదానికి పోయును. పూర్వవిద్యార్థుల జాబితాను పంక్తికొకరి చొప్పున వ్రాసియుంచి, గ్రెప్‌తో హోసూరువారిని ఏరి, నిలువుగీత పెట్టి, డబ్ల్యు.సి. -ఎల్ అని వ్రాసినచో వారి సంఖ్య క్షణములో వచ్చును.

ఇదే డబ్ల్యు.సి. మాకు వ్యాకరణపాఠమునకును పనికివచ్చినది. “అమ్మ” అను మాటలో అక్షరము లెన్ని? పిల్లలు రెండందురు. పంక్తి చివరి గుర్తును విడిచి డబ్ల్యు.సి. -ఎం నాలుగనును. -సి అని అడిగిన పండ్రెండనును. అబద్ధము ఎవరును చెప్పుట లేదు. యూనికోడ్ పద్ధతిలో “మ్మ” అనునది మకారము, పొల్లు, మకారము అని మూడుగా నిలువయుండును; మునుపటి అకారముతో నాలుగు. ఒక్కొక్క తెలుగు సంకేతమునకు యు.టి.ఎఫ్.–8 పద్ధతిలో మూడు బైట్లు పట్టును గనుక పండ్రెండు. ద్విత్వమును విడదీసి చూపుటకు నల్లబల్లకంటె ఈ నల్లని తెర తక్కువది కాదు.

ఇచటనే ఒక ముఖ్యవిషయము చెప్పవలెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము కలదు. అట్లు కూర్చిన తెలుగును గ్రెప్ వెదకగలదు. పాత అచ్చుపనికై వచ్చిన ఖతులతో కూర్చినది చూపునకు తెలుగే గాని, లోపల రోమను అక్షరముల గజిబిజి; అందు “హోసూరు” అని వెదకిన ఏమియు దొరకదు. సంఘపు పత్రములు, పెద్దల జ్ఞాపకములు ఇంటివద్ద టైపు చేయించుచున్నవారు యూనికోడ్‌నే కోరవలెను. మన రాష్ట్రమున తెలుగున వ్రాసియుంచువారే కొద్దిమంది. వ్రాసినదియు వెదకుటకు చిక్కనిచో అది పెట్టెలో పడిన తాళపత్రమే యగును.

భయపడవలసిన ఆజ్ఞ ఒకటి కలదు: ఆర్.ఎం. అది ఫైలును తుడిచివేయును. బొమ్మల తెరమీదివలె తీసివేసినవి నిలుచు చెత్తబుట్ట దీనికి లేదు. “పాత” అను పదముతో మొదలగు వానిని తీయదలచి “పాత” తరువాత నక్షత్రపు గుర్తు పెట్టవలసియుండగా, నడుమ ఒక ఖాళీ పడినచో నక్షత్రము ఆ ఫోల్డరులోని సమస్తమును సూచించును, అన్నియు పోవును. కావున మా గదిలో ఒక నియమము: ఆర్.ఎం. వ్రాయుటకు ముందు అదే పంక్తిని ఎల్.ఎస్.తో వ్రాసి, ఏవి చిక్కునో కన్నులార చూడవలెను. పిమ్మట -ఐ చేర్చిన, ప్రతి ఫైలునకును అడిగి తుడుచును. సుడో అను మాటతో మొదలగు పంక్తి సర్వాధికారముతో నడుచును. ఎవరో పంపిన అట్టి పంక్తిని అర్థము తెలియక ఇంటి యంత్రముపై కొట్టనీయకుడు.

ఏ ఆజ్ఞయొక్క వివరమైనను మ్యాన్ అని వ్రాసి దాని పేరు వ్రాసిన వచ్చును. క్యు నొక్కిన బయటికి రావచ్చును. ఆ వివరణములు సాధారణముగా ఆంగ్లమున నుండును. అందువలన ఎనిమిదవ తరగతి పిల్లలచే ముప్పది ఆజ్ఞలకు తెలుగున అర్థములు వ్రాయించి కంప్యూటరు గదిలో ఉంచినాము. కావలసిన తల్లిదండ్రులు అచటనే నకలు వ్రాసికొనవచ్చును.